ఏడాదికి మూడుసార్లు

మా నాన్న ఊపిరితిత్తులకు కట్టిన వెల మా అమ్మ పేరు మీద బ్యాంకులో ఉండేది. దక్షిణ వేల్స్ బొగ్గు లోయల్లో చాలా ఇళ్లలో ఉన్న కథే ఇది. వయసంతా భూమి కింద దుమ్ము పీల్చి, పైకొచ్చాక మిగిలిన ఏళ్లన్నీ ఆ దుమ్మునే దగ్గుతూ మంచం మీద గడిపి, మా నాన్న ఎమ్లిన్ పోయాడు. పోయిన తర్వాత పరిహారం వచ్చింది. ప్లీడర్లు తమ వాటా తీసుకోగా ముప్పై వేల పౌండ్లు మిగిలాయి. అమ్మ దాన్ని ఏనాడూ డబ్బు అనలేదు. ‘మీ నాన్న’ అనేది. "మీ నాన్నని ముట్టుకోను. ఆయన తెచ్చే వడ్డీ మాత్రం తింటాను" అనేది. బతికుండగా వారం వారం జీతం తెచ్చినట్టే, పోయాక వడ్డీ తెస్తున్నాడని ఆమె లెక్క.

ఆ వడ్డీ మీదే అమ్మ తన ఇంట్లో తాను ఉండగలిగేది. పింఛను తిండికి, కరెంటుకి సరిపోయేది. చలికాలం గ్యాసుకి, కప్పు మీద పలక జారితే ఎక్కించడానికి, పెరట్లో కంచె మొక్కలు కత్తిరించే మనిషికి వడ్డీయే దిక్కు. అప్పటికి ఆమెకి ఎనభై ఐదేళ్లు. ఒకసారి మెట్ల మీద పడింది. కౌన్సిల్ నుంచి ఒకావిడ వచ్చి ఇల్లంతా చూసి, "ఇంకోసారి పడితే మాత్రం మీరు ఒంటరిగా ఉండటం కుదరదు నెస్టా గారూ" అని చాలా మర్యాదగా చెప్పి పోయింది. ఆ రోజు నుంచి అమ్మకి ఒకటే పట్టుదల. వృద్ధాశ్రమం గడప తొక్కకూడదు. ఈ ఇంట్లోంచి నలుగురు మోసుకుపోవాలి తప్ప తనకు తానుగా కదలకూడదు.

నేను పదహారేళ్లకి బడి మానేసి గనిలో చేరదామనుకున్నాను. నేను మానేసిన ఏడాదే గని మూసేశారు. ఇప్పుడు కౌన్సిల్ చెత్త లారీ మీద పని. మా లోయలో ఏది మూతపడినా ముందుగా తెలిసేది మాకే. వాళ్ల కుర్చీలు, బోర్డులు మేమే ఎత్తుకుపోతాం. అలా చివరి బ్యాంకు కూడా పోయింది. ‘మా ఖాతాదారులు ఇప్పుడు ఫోన్లలోనే లావాదేవీలు జరుపుకుంటున్నారు కనుక’ అని అమ్మకి ఒక ఉత్తరం రాశారు. అమ్మకున్న ఫోను గోడకి బిగించినది. ఇప్పుడు ఆ బ్యాంకులో నోట్లో పెట్టుకుని పొగ పీల్చే గొట్టాలు అమ్ముతున్నారు, స్ట్రాబెర్రీ వాసనవి కూడా. మా లోయవాళ్ల ఊపిరితిత్తుల మీద ఎప్పుడూ ఎవరో ఒకరు సంపాదిస్తూనే ఉంటారు.

నాన్నని ఎక్కడ పెట్టాలి అన్నది తేల్చడానికి ఫిబ్రవరిలో ఒక ఆదివారం ముగ్గురం వంటింట్లో కూర్చున్నాం. మా చెల్లెలు డెలిత్ కార్డిఫ్ నుంచి కారులో వచ్చింది. అక్కడ ఏదో ఆఫీసులో పని. ఏ పనైనా ఫోన్‌లోనే చేస్తుంది. అమ్మ శనివారం పేపర్లో వడ్డీ రేట్లు వేసిన పేజీ కత్తిరించి, భూతద్దం పక్కన పెట్టుకుని సిద్ధంగా ఉంది.

"ఇదిగో చూడు, ఐదు శాతం" అంది డెలిత్, ఫోను అమ్మ ముఖం ముందు పెట్టి. "ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. రోజుకి పదిసార్లు తీసినా అడిగేవాడు లేడు."

"ఎక్కడుంది ఆ బ్యాంకు?"

"ఎక్కడా లేదమ్మా. ఫోన్‌లోనే ఉంటుంది."

"తలుపు లేదా?"

"తలుపెందుకు?"

"మూసేశారని తెలియడానికైనా ఒక తలుపుండాలి కదే."

నాకు నవ్వొచ్చింది. డెలిత్ నా వైపు గుడ్లురిమి చూసింది. "నువ్వు నవ్వకు అన్నయ్యా, అలుసిస్తావు. అమ్మా, నీకు ఫోను లేకపోతే నా ఫోన్‌లో పెడతాను. నీకు ఎంత కావాలంటే అంత ఒక్క మాట చెప్పు, పంపిస్తాను."

"అంటే నేను గుడ్లు కొనుక్కోవాలంటే కార్డిఫ్‌కి ఫోన్ చేసి నా కూతుర్ని అడుక్కోవాలి. మీ నాన్న జీతం కవరు అంటించినది అంటించినట్టే తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. ఆయన చిల్లర ఆయనకి నేనే ఇచ్చేదాన్ని. ఆయన్నే అడగనిదాన్ని నిన్నడుగుతానా?"

"పోనీ పోస్టులో నడిపేది ఒకటుంది. ఫారం పంపితే చెక్కు పంపుతారు."

"మీ నాన్నని పోస్టు డబ్బాలో వేయమంటావా? పక్కింటి గ్లెనిస్‌కి పుట్టినరోజు కార్డు వచ్చేసరికి కేకు బూజు పట్టింది."

నా ఓటు మామూలు పాస్‌బుక్ ఖాతాకి. లోయ కింద టౌన్లో ఒక పాత సొసైటీ ఉంది. ఇళ్లకి అప్పులిస్తుంది, జనం దగ్గర డబ్బు దాచుకుంటుంది. కౌంటరు ఉంది, కౌంటరు వెనక మనుషులున్నారు. బస్సు దాని ముందే ఆగుతుంది. అందులో ఎన్నిసార్లయినా తీసుకునే ఖాతాకి ఒకటింబావు శాతం ఇస్తున్నారు.

"ఒకటింబావా?" అంది అమ్మ. "అది వడ్డీనా, గిన్నెలో వేసే చిల్లరా? మీ నాన్న అంత చవకా?"

"రూల్సేమీ లేవమ్మా. వెళ్తావు, తీసుకుంటావు, వస్తావు. గొడవ లేదు."

"గొడవ లేనిచోట జీతం కూడా ఉండదురా. నన్నడుగు." భూతద్దం కాగితం మీద జరుపుతూ ఒక వరస దగ్గర వేలు ఆపింది. అదే సొసైటీ, పాస్‌బుక్కే, నాలుగున్నర శాతం. పక్కన చిన్న నక్షత్రం గుర్తు. ఆ గుర్తుకి పేజీ అడుగున ఏం రాశారో వెతుక్కుంటూ కిందికి వచ్చి, చదివింది. ఏడాదిలో మూడుసార్లు తీసుకోవచ్చు. నాలుగోసారి తీస్తే ఆ ఏడాది మిగిలినన్నాళ్లూ వడ్డీ ఒకటింబావుకి పడిపోతుంది.

"ఇది" అంది.

"మూడుసార్లేనమ్మా" అన్నాను.

"నాకు ఏడాదికి మూడుసార్ల కంటే ఎక్కువ ఏం ముంచుకొస్తుంది? మా చిన్నప్పుడు మిఠాయిలకి రేషను కూపన్లుండేవి. మా అక్క తన వంతు చేతికొచ్చిన వారంలోనే తినేసి నెలంతా నా నోటి వంక చూసేది. నేను ఆఖరి రోజుదాకా దాచుకునేదాన్ని, దాని ముందే కూర్చుని చప్పరించేదాన్ని."

"ఇది యుద్ధకాలం కాదమ్మా" అంది డెలిత్.

"గ్యాసు బిల్లు చూశావా? నాకైతే యుద్ధం అయిపోయినట్టు లేదు."

ఇంకేం మాట్లాడతాం? ఆమె డబ్బు, ఆమె ఇష్టం. పెనం మీద ఎండుద్రాక్ష రొట్టెలు కాల్చి పెట్టింది, తిని వచ్చాం.

మార్చి ఒకటిన, మా వేల్స్ పండుగ రోజున, కోటుకి డాఫొడిల్ పువ్వు గుచ్చుకుని అమ్మ సొసైటీకి బయల్దేరింది. నేను సెలవు పెట్టి తోడు వెళ్లాను. నాన్ననీ, ఇన్నేళ్లు తినగా మిగిలిన వడ్డీనీ కలిపి ఆ ఖాతాలో వేసింది. కౌంటర్లో రియన్ అనే అమ్మాయి ఉంది. అమ్మాయి అంటున్నాను కానీ నలభై దాటి ఉంటాయి. వాళ్ల తాత, మా నాన్న ఒకే షిఫ్టులో దిగేవారు.

"నెస్టా ఆంటీ! ఇన్నాళ్లకి మా మీద దయ కలిగిందా? ఆ బ్యాంకువాళ్ల దగ్గర ఏం చూసుకుని కూర్చున్నావో!"

"వాళ్ల తలుపు మా ఇంటికి దగ్గర. అంతే, ప్రేమేమీ లేదు."

రియన్ రూలు చెప్పింది. మళ్లీ చెప్పింది. "మూడుసార్లు దాటితే రేటు పడిపోతుంది ఆంటీ. మళ్లీ వచ్చే మార్చి ఒకటికి గానీ లేవదు. అర్థమైందా?"

"నాకు చెవులు బాగానే వినిపిస్తాయమ్మా. కాళ్లే ఆడవు."

అమ్మకి బాగా అర్థమైంది. ఈ మాట నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. తర్వాత డెలిత్, ఆసుపత్రివాళ్లు, అందరూ పాపం ముసలావిడకి రూలు తెలియలేదని జాలిపడ్డారు. రూలు వాళ్లందరికంటే ఆమెకే బాగా తెలుసు.

మొదటిసారి మేలో తీసింది. గాలివానకి కప్పు నీటి గొట్టం ఊడిపోతే దానికి. రెండోసారి ఆగస్టులో, డెలిత్ కూతురి పెళ్లి కానుకకి. "ఉన్నది మూడే కదమ్మా, పెళ్లికి ఒకటి ఖర్చు పెట్టడం దేనికి?" అన్నాను. "మనవరాలి పెళ్లికి చేతులూపుకుంటూ వెళ్తే, పోయినాయన నన్ను వదిలేస్తాడా?" అంది. మూడోసారి అక్టోబరులో. నాన్న సమాధి రాయి మీద అక్షరాలు నాచు పట్టి చెరిగిపోతున్నాయని మళ్లీ చెక్కించి బంగారు రంగు వేయించింది. ఆ రోజు బస్సు దిగి ఇంటికొచ్చి, "అయిపోయాయి. ఇంక మార్చి దాకా దేవుడే చూసుకోవాలి" అని నవ్వింది.

దేవుడు చూసుకోలేదు. నవంబరులో బాయిలర్ చచ్చింది. ఇల్లంతా వేడిగా ఉంచేదీ, కుళాయికి వేడినీళ్లిచ్చేదీ అదే. బాగుచేసేవాడు వచ్చి మూత తీసి చూసి, దీనికి సామాను దొరకదు, కొత్తది పెట్టించుకోవాలి, రెండున్నర వేలవుతుంది అన్నాడట. వాడు వచ్చినట్టు అమ్మ మాకు చెప్పలేదు. వాణ్ణి ‘ఆలోచించుకుని చెప్తాను’ అని పంపేసి, కూర్చుని లెక్క వేసుకుంది. ఇప్పుడు తీస్తే నాలుగోసారి. మార్చి దాకా రేటు పడిపోతుంది. మూడు వందల పౌండ్లకి కాస్త తక్కువ పోతాయి. అంటే నాన్న జీతంలో కోత. చలికాలమే కదా, ఓర్చుకుంటే పోతుంది.

నేను ప్రతి ఆదివారం మధ్యాహ్నం వెళ్తాను. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంట్లో నేను కూర్చున్నది వంటింట్లోనే. ముందు గది పాస్టరు గారికి, డాక్టరుకి, శవపేటికకి. అలాంటిది నవంబరు చివర ఒక ఆదివారం వెళ్లేసరికి అమ్మ నన్ను వంటింటి వైపు పోనివ్వలేదు.

"ముందు గదిలో కూర్చో."

"ఎవరు పోయారు?"

"నీ నోట్లో మట్టి. ఎన్నాళ్లని వంటింట్లో కూర్చుంటావు? అతిథిలా కూర్చో ఒకసారి."

ముందు గదిలో చిన్న కరెంటు హీటరు ఎర్రగా వెలుగుతోంది. గది వెచ్చగానే ఉంది. అమ్మ కోటు విప్పలేదు. "చర్చి నుంచి ఇప్పుడే వచ్చాను" అంది. టీ తనే తెచ్చింది, నన్ను లేవనివ్వలేదు. తలుపు తీసినప్పుడల్లా వెంటనే మూసేది. ముసలితనంలో దర్జా వచ్చిందనుకున్నాను. కొత్త పాస్టరు ఇంటింటికీ తిరుగుతున్నాడు, ఆయన కోసం గది సర్ది ఉంటుందనుకున్నాను. డిసెంబరంతా అలాగే గడిచింది. క్రిస్మస్‌కి డెలిత్ ఆమెని కార్డిఫ్ తీసుకెళ్లి నాలుగు రోజులు ఉంచుకుంది. అక్కడ అమ్మ రోజుకి రెండుసార్లు వేడినీళ్ల స్నానం చేసిందట. "అమ్మకి మా బాత్రూం ఎంత నచ్చిందో" అని డెలిత్ నాతో గొప్పగా చెప్పింది.

మా లారీ అమ్మ వీధికి బుధవారం వస్తుంది. ఇంట్లో మిగిలిన తిండి పడేసే చిన్న ఆకుపచ్చ డబ్బా ఒకటి ప్రతి ఇంటికీ ఇస్తాం. దాన్ని ముందు రాత్రే గుమ్మం బయట పెట్టాలి. అమ్మది ఎప్పుడూ కడిగి తుడిచినట్టుండేది. డబ్బాలో టీ పొట్లాలు, బంగాళదుంప తొక్కలు తప్ప ఇంకేమీ ఉండవు. జనవరిలో ఒక బుధవారం ఆ డబ్బా గుమ్మం బయట లేదు. జ్వరమొచ్చినా, మంచు పడినా డబ్బా పెట్టడం మానని మనిషి. లారీ ఆపించి, తాళం తీసి లోపలికెళ్లాను.

లోపల బయటికంటే చల్లగా ఉంది. మాట తప్పుగా రాయడం లేదు. బయట కాస్తయినా ఎండ ఉంది. వంటింటి కిటికీకి లోపలి వైపు మంచు పట్టింది. అమ్మ వంటింటి నేల మీద, కాసేపు వెలిగించి, ఆర్పి, వెచ్చదనం కోసం తెరిచి పెట్టుకున్న ఓవెన్ ముందు ఒక పక్కకి పడి ఉంది. కోటు, దాని మీద నాన్న పాత కోటు, తలకి శాలువా. పక్కనే రబ్బరు వేడినీళ్ల సంచి, అందులో నీళ్లు గడ్డకట్టినంత చల్లగా ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి ఏదో అంది. వంగి చెవి పెట్టాను.

"డబ్బా పెట్టలేదురా" అంది.

అంబులెన్సు వచ్చేదాకా లారీ మీద నాతో పనిచేసే ఇద్దరూ తమ కోట్లు విప్పి ఆమె మీద కప్పారు. తుంటి ఎముక విరగలేదు. ఒళ్లు మాత్రం మంచుముక్కయిపోయింది. ఛాతీలో నెమ్ము చేరింది.

వారం తర్వాత అమ్మ తేరుకుంది. అప్పుడు చెప్పింది అంతా, బాయిలర్ సంగతి, లెక్క, ముందు గది సంగతి. గొప్ప తెలివిగా పని నడిపిన మనిషిలా చెప్పింది. నాకు అరవాలనిపించింది. పక్క మంచాల్లో ముసలివాళ్లున్నారు, అరవలేదు.

ఆసుపత్రిలో ఇంటికి పంపే వ్యవహారాలు చూసే ఒకావిడ నన్ను పక్కకి పిలిచింది. "ఇంట్లో వేడి ఉండాలి, పొద్దున్న ఎవరైనా వచ్చి చూసుకోవాలి. ఈ రెండూ ఉంటే పంపుతాం. లేకపోతే మంచం ఖాళీ చేయాలి కాబట్టి కొన్ని వారాలు వృద్ధుల హోమ్‌లో పెడతాం" అంది. పొద్దున్న రావడానికి గ్లెనిస్ ఒప్పుకుంది. ఇక కావలసింది బాయిలర్ ఒక్కటే. నేను ఆ మధ్యాహ్నమే సొసైటీకి వెళ్లి రియన్‌ని అడిగాను. అమ్మ రాలేకపోతే ఫారం మీద సంతకం పెడితే చాలు, పాస్‌బుక్ నేను తెస్తే ఇస్తానంది. ఫారం, పెన్ను తీసుకెళ్లి అమ్మ ఒళ్లో పెట్టాను.

అమ్మ ఫారం చదివింది. పక్కన పెట్టింది.

"ఇవాళ తేదీ ఎంత?"

"జనవరి ఇరవై ఆరు."

"ఇంకెంత, నెల చిల్లర. ఇక్కడ వెచ్చగా ఉంది. తిండి పెడుతున్నారు. ఒక్క పెన్నీ అడగలేదు. మార్చి ఒకటి దాకా ఇక్కడే పడుంటాను. అప్పుడు తీసి బాయిలర్ వేయించి ఇంటికెళ్తాను."

"ఇది లాడ్జి కాదమ్మా!"

"మీ నాన్న జీతంలోంచి ప్రతి వారం ఈ ఆసుపత్రికోసమే కోసుకున్నారు. ఆయన ఇంట్లోనే పోయాడు, వాళ్ల మంచం వాడలేదు. ఆయన వంతు నేను పడుకుంటే అరిగిపోతుందా?"

"నిన్ను ఉంచరు. హోమ్‌లో పడేస్తారు. అర్థం చేసుకో. సంతకం పెట్టు."

"హోమ్‌లో కూడా కొన్ని వారాలే అంది కదా ఆవిడ? వినలేదనుకున్నావా?" అని నా చెయ్యి పట్టుకుంది. ఆమె చేతులు అప్పటికీ చల్లగానే ఉన్నాయి. "ఒరేయ్ గెరైంట్, ఇన్నాళ్లు ఓర్చుకున్నదాన్ని. నేల మీద రాత్రంతా ఓర్చుకున్నాను. ఇప్పుడు నెల రోజులకోసం మూడు వందలు వాళ్ల మొహాన కొట్టమంటావా? అయితే ఆ ఓర్చుకున్నదంతా దేనికి?"

నిజానికి అప్పటికి పోయేది మూడు వందలు కూడా కాదు, వందలోపే. ఆ మాటే అన్నాను. వంద మాత్రం ఎందుకివ్వాలి అంది. నేను అప్పు చేసి వేయిస్తానన్నాను. నా ఇంటికి నువ్వు అప్పు చేసేదేమిటి, మీ నాన్న ఉండగా, అని మొహం అటు తిప్పుకుంది.

వరండాలో డెలిత్ కాఫీ తాగుతోంది. సగం నువ్వు పెట్టు, సగం నేనెలాగో చూస్తాను, అమ్మకి చెప్పకుండా బాయిలర్ వేయించేద్దాం అన్నాను.

"వేయించి?" అంది డెలిత్. "మళ్లీ అక్కడికే వెళ్తుంది. మళ్లీ పడుతుంది. ఈసారి గురువారం పడితే? మీ లారీ బుధవారం కదా వచ్చేది."

ఆ మాట తప్పని ఇప్పటికీ అనలేను. ఆమె మీద కోపం మాత్రం పోలేదు. నా జీతానికి ఏ కంపెనీ అప్పు ఇస్తుందా అని తిరిగేలోపే అమ్మని హోమ్‌కి మార్చేశారు.

హోమ్ మంచిదే. శుభ్రంగా ఉంది. చాలా వెచ్చగా ఉంది, ఊపిరాడనంత. అక్కడ పనిచేసే పిల్లలు అమ్మని ‘బంగారం’ అని పిలుస్తారు. కుర్చీలోంచి లేవబోతే మాత్రం పరుగెత్తుకొచ్చి కూర్చోబెడతారు. పడితే వాళ్ల మెడకి చుట్టుకుంటుంది, పక్కన నడవడానికి మనిషి లేదు. "నడవనివ్వండి, కాళ్లు పట్టేస్తాయి" అన్నాను. "రేపు చూద్దాం బంగారం" అన్నారు, నన్ను కూడా. ఫిబ్రవరంతా అమ్మ టీవీ ముందు కుర్చీలో కూర్చుని ఉంది. పక్క కుర్చీ ఆవిడ పొద్దస్తమానం బస్సు ఎప్పుడొస్తుందని అడిగేది. "మార్చి ఒకటికి" అని అమ్మ జవాబు చెప్పేది. వెటకారానికి అందో, నిజంగానే అందో నాకు తెలియదు.

మార్చి ఒకటిన చక్రాల కుర్చీ ఎక్కే టాక్సీ మాట్లాడి, సొసైటీకి తీసుకెళ్లాను. నేనూ డ్రైవరూ పట్టుకుని చక్రాల కుర్చీలోకి ఎక్కించాల్సి వచ్చింది. ఆమె కాళ్లు నేలకి ఆనాయి కానీ బరువు మోయలేదు. నేను చూశాను. ఆమె కూడా చూసుకుంది.

"నెస్టా ఆంటీ" అంది రియన్. ఈసారి వెక్కిరించలేదు. కౌంటరు చుట్టూ తిరిగి బయటికొచ్చింది. "నవంబరులో నాకొక్క ఫోను చేయకూడదా? నేను మేనేజరుని అడిగి ఏదో ఒకటి..."

"ఏదో ఒకటి ఏముందమ్మా? రూలు నువ్వే చెప్పావు. రెండుసార్లు చెప్పావు." పాస్‌బుక్ చాచింది. "ముందు వడ్డీ ఎక్కించు."

మెషిన్లో పుస్తకం కిర్రుమంది. అమ్మ భూతద్దం తీసి ఆ వరస చదివింది. పూర్తి నాలుగున్నర. మొహం విప్పారింది. పెళ్లినాటి ఫొటోలో తప్ప ఆ మొహం నేను చూడలేదు. తర్వాత రెండున్నర వేలకి ఫారం రాసి సంతకం పెట్టింది. "కొత్త ఏడాదిలో మొదటిది. ఇంకా రెండున్నాయి" అంది.

టాక్సీలో నా మోచేతి మీద తట్టింది. "చూశావా? ఒక్క పౌండు పోనివ్వలేదు."

"చూశానమ్మా."

"ఇంక బాయిలర్ వేయించు. ఈ నెలాఖరుకి నేను వంటింట్లో ఉండాలి."

వారంలో బాయిలర్ వేయించాను. తెల్లగా, చప్పుడు లేకుండా, బుద్ధిగా పనిచేస్తోంది. ఇల్లంతా వెచ్చబడింది. గోడల చెమ్మ ఆరిపోయింది. వంటింట్లో కూర్చుని ఒక్కణ్ణే టీ తాగాను, కోటు లేకుండా.

తర్వాత కౌన్సిల్ ఆవిడ హోమ్‌కి వచ్చింది. అమ్మని లేచి నిలబడమంది. నడక చట్రం ముందు పెట్టారు. అమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, పళ్లు బిగించి, మొహం ఎర్రబడేదాకా తంటాలు పడింది. లేవలేదు. ఇంకోసారి అంది అమ్మ. ఇంకోసారి ప్రయత్నించింది. కౌన్సిల్ ఆవిడ కళ్లు దించుకుని కాగితం మీద రాసుకుంది. "బాయిలర్ వేయించాం" అన్నాను. "చాలా మంచి పని చేశారు" అంది. "కానీ ఇప్పుడు సమస్య అది కాదు కదండీ."

హోమ్ ఖర్చు ఎవరు భరించాలి అన్నది లెక్క కట్టారు. సొంత ఇల్లుంది, పొదుపుంది, కాబట్టి మేమే. ముందు నాన్నతో మొదలుపెట్టారు. అమ్మ డబ్బు, ఇల్లు తను చూసుకునేలా డెలిత్ కోర్టు కాగితాలు తెచ్చుకుంది. ఇప్పుడు ఆ ఖాతాలోంచి నెలనెలా తీస్తున్నారు. రేటు ఎప్పుడో పడిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. అది అయిపోయాక ఇల్లు. ఎలాగూ ఇల్లు పోవాల్సిందే కాబట్టి ఇప్పుడే అమ్మకానికి పెట్టేద్దామంది డెలిత్. ఇళ్ల బేరాలు చూసే కుర్రాడు టై కట్టుకుని వచ్చి, వంటింట్లో తెల్ల పెట్టె చూసి సంబరపడిపోయాడు. "కొత్త బాయిలర్! ప్రకటనలో అన్నిటికంటే పైన ఇదే రాసేద్దాం. రెండు వారాల్లో పోతుంది ఇల్లు. మీరు మాత్రం వేడి ఆపకండి, చూడ్డానికొచ్చినవాళ్లకి గుమ్మంలోనే వెచ్చగా తగలాలి."

అమ్మకి అమ్మకం సంగతి డెలిత్ చెప్పింది. నేను వెళ్లేసరికి కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.

"బాయిలర్ నడుస్తోందా?" అంది.

"బ్రహ్మాండంగా నడుస్తోందమ్మా."

"ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడు కూడా."

నా వైపు తిరిగింది. నేను చిన్నప్పుడు దీపం ఆర్పకుండా వీధిలోకి పరుగెడితే చూసినట్టే చూసింది.

"ఎవరూ లేని ఇంటికి వేడి దేనికిరా? మీ నాన్నని అలా తగలేస్తారా? వెళ్లి ఆపెయ్."

ఆ సాయంత్రమే వెళ్లి ఆపేశాను. టై కుర్రాడు ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ వేయలేదు.